గర్భిణి పొగతాగితే నేరమనాలా? చట్టం ఎక్కడిదాకా వెళ్లగలదు?

గర్భంతో ఉన్న స్త్రీ పొగతాగడాన్ని నేరంగా ప్రకటించాలా అన్న చర్చ వచ్చినప్పుడల్లా మాటలు రెండుగా చీలిపోతాయి. కడుపులో బిడ్డను మోస్తూ పొగ పీల్చే తల్లిని ఊరికే వదిలేయాలా అని ఒకరు కోప్పడతారు. ఆడవాళ్ల ఒంటి మీద పోలీసుల పెత్తనమేమిటని మరొకరు ఎదురు తిరుగుతారు. ఇద్దరి ఆవేదనా నిజమైనదే. చిక్కేమిటంటే ఈ ఒక్క ప్రశ్నలో మూడు ప్రశ్నలు కలగలిసి ఉన్నాయి. పొగ బిడ్డకు హాని చేస్తుందా? హాని అని తెలిసీ తాగడం తప్పా? ఆ తప్పుకు జరిమానానో జైలో వేయాలా? మొదటిది వైద్యం తేల్చేది, రెండోది మనస్సాక్షి తేల్చేది, మూడోది శాసనసభలూ కోర్టులూ తేల్చాల్సినది. మొదటిదానికి అవునన్న జవాబు వచ్చినంత మాత్రాన మూడోదానికీ అదే జవాబు రాదు.

భారతదేశంలో, అందునా తెలుగు రాష్ట్రాల్లో, ఇంకో ప్రశ్న కూడా వేసుకోవాలి. అసలు కడుపులోని బిడ్డకు చేరుతున్న పొగాకు ఎవరి చేతిలోంచి వస్తోంది?

కడుపులోకి పొగ ఎలా చేరుతుంది

పొగాకు కాలినప్పుడు వేల రసాయనాలు పుడతాయి. గర్భం విషయంలో ముఖ్యంగా చెప్పుకోవాల్సినవి కార్బన్ మోనాక్సైడ్, నికోటిన్. మన రక్తంలో ఆక్సిజన్‌ను మోసుకెళ్లేది హిమోగ్లోబిన్. కార్బన్ మోనాక్సైడ్ ఆ హిమోగ్లోబిన్‌కు ఆక్సిజన్ కంటే రెండు వందల రెట్లకు పైగా గట్టిగా అతుక్కుంటుంది. అంటే ఆక్సిజన్ కూర్చోవాల్సిన చోటును ముందే ఆక్రమించేస్తుంది. తల్లి పీల్చిన ఈ వాయువు మాయను దాటి బిడ్డ రక్తంలోకి వెళుతుంది. గర్భస్థ శిశువు హిమోగ్లోబిన్ దాన్ని ఇంకా గట్టిగా పట్టుకుంటుంది కాబట్టి తల్లి రక్తంలో కంటే బిడ్డ రక్తంలోనే అది ఎక్కువగా పేరుకుంటుంది. ఇక నికోటిన్ రక్తనాళాలను బిగుసుకునేలా చేస్తుంది. మాయకు వెళ్లే రక్తం తగ్గుతుంది. ఎదుగుతున్న మెదడు మీద, ఊపిరితిత్తుల మీద కూడా దాని ప్రభావం ఉంటుంది.

ఫలితాలు దశాబ్దాలుగా నమోదవుతూనే ఉన్నాయి: నెలలు నిండకుండా కాన్పు కావడం, మాయ ముందుగానే విడిపోవడం, బిడ్డ కడుపులోనే చనిపోవడం, పుట్టాక నిద్రలో హఠాత్తుగా మరణించడం. వీటన్నిటి ముప్పూ పెరుగుతుంది. అన్నిటికంటే స్పష్టంగా కనిపించేది బరువు. పొగతాగే తల్లుల బిడ్డలు సగటున 200 గ్రాముల దాకా తక్కువ బరువుతో పుడతారు.

ఆ 200 గ్రాములు వినడానికి చిన్నవిగానే ఉంటాయి. ఒక లెక్క వేసి చూద్దాం. రెండున్నర కిలోల కంటే తక్కువ ఉంటే వైద్యులు దాన్ని తక్కువ బరువు కాన్పు అంటారు. 3.4 కిలోలు ఉండాల్సిన బిడ్డ 3.2 కిలోలతో పుడితే ఆ గీతకు ఇంకా చాలా దూరంలోనే ఉంటుంది. 2.6 కిలోలు ఉండాల్సిన బిడ్డ 2.4 కిలోలతో పుడితే గీత కిందికి జారిపోతుంది. మన దేశంలో ఆ గీత పక్కనే పుట్టే పిల్లలు చాలా ఎక్కువ. కాబట్టి అదే పొగ ఇక్కడ ఎక్కువ మందిని ప్రమాదంలోకి నెడుతుంది.

హాని పొగతోనే ఆగదు. ముంబయిలో గర్భిణుల మీద జరిగి 2004లో వెలువడిన ఒక అధ్యయనం నమిలే పొగాకు, పళ్లకు రాసుకునే పొగాకు వాడిన తల్లుల బిడ్డలు సగటున 105 గ్రాములు తక్కువ బరువు ఉన్నారని చూపింది. పక్కవారు వదిలిన పొగ పీల్చినా బరువు తగ్గుతుంది.

చట్టం గురించి ఆలోచించేటప్పుడు మరచిపోకూడని సంగతి ఇంకొకటి ఉంది. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లలో జరిగి 2009లో ప్రచురితమైన ఒక అధ్యయనం ప్రకారం, 15 వారాలు నిండేలోపు పొగతాగడం మానేసిన స్త్రీలలో నెలలు నిండని కాన్పుల రేటు, నెలలకు తగ్గ ఎదుగుదల లేని బిడ్డలు పుట్టే రేటు అసలు తాగనివారితో సమానంగా ఉన్నాయి. ఆలస్యంగా మానినా మేలు కొంత ఉంటుంది. కానీ మొదటి మూడు నెలల్లో ఆ తల్లి ఎవరినో ఒకరిని నమ్మి నోరు విప్పి చెప్పడం మీదే ఎక్కువ ఆధారపడి ఉంది.

మన దగ్గర ఆ పొగ ఎవరిది

2016-17లో దేశమంతటా జరిగిన వయోజనుల పొగాకు సర్వే ప్రకారం పొగతాగే పురుషులు 19 శాతం, స్త్రీలు 2 శాతం. నమిలే పొగాకు, గుట్కా, ఖైనీ లాంటివి వాడే స్త్రీలు మాత్రం 12.8 శాతం. ఇంట్లో ఇతరుల పొగ పీలుస్తున్న వయోజనులు 38.7 శాతం. ఈ అంకెలు పక్కపక్కన పెట్టుకుంటే చర్చ రూపురేఖలే మారిపోతాయి. పాశ్చాత్య దేశాల్లో ఈ ప్రశ్న వేసినప్పుడు కళ్ల ముందు కనిపించేది సిగరెట్టు పట్టుకున్న గర్భిణి. మన దగ్గర కనిపించాల్సింది భర్త బీడీ పొగ మధ్య వంట చేస్తున్న గర్భిణి, బుగ్గలో ఖైనీ పెట్టుకున్న కూలి మనిషి.

స్త్రీలు పొగతాగడం మన ప్రాంతానికి కొత్తేమీ కాదు. శ్రీకాకుళం, విశాఖపట్నం తీర ప్రాంతాల్లో అడ్డపొగ అనే అలవాటు తరాలుగా ఉంది. చుట్ట వెలిగించి, నిప్పు ఉన్న కొస నోటి లోపలికి పెట్టుకుని పీలుస్తారు. సముద్రపు గాలికి, నీటి తడికి చుట్ట ఆరిపోకుండా ఉండటానికి ఈ పద్ధతి వచ్చిందని చెబుతారు. ఈ అలవాటు వల్ల అంగిలికి వచ్చే క్యాన్సర్ మీద ఆ జిల్లాల్లో వైద్యులు చేసిన పరిశోధనలకు ప్రపంచ వైద్య సాహిత్యంలో చోటు దక్కింది. ఇప్పుడు ఇది ఎక్కువగా వయసు పైబడిన స్త్రీలలోనే కనిపిస్తుంది. అయినా పొగతాగే ఆడది అనగానే నగరపు యువతినే ఊహించుకునేవారు, ఆ పల్లెల్లో అమ్మమ్మలు మనవరాళ్ల ముందే చుట్ట కాల్చేవారని గుర్తుపెట్టుకోవాలి. ఎవరి అలవాటు మీద కోపం వస్తుంది, ఎవరి అలవాటు కంటికే ఆనదు అన్నదానికీ, ఎవరి మీద కేసు పెడతారు అన్నదానికీ దగ్గరి సంబంధం ఉంటుంది.

నిజామాబాద్, కామారెడ్డి, జగిత్యాల, సిరిసిల్ల ప్రాంతాల్లో బీడీలు చుట్టే స్త్రీల సంగతి వేరు. వారిలో చాలామంది జీవితంలో ఒక్క బీడీ కూడా కాల్చి ఉండరు. తునికాకు కత్తిరిస్తూ, పొగాకు పొడిని వేళ్లతో దాంట్లో నింపుతూ రోజంతా కూర్చుంటారు. గర్భం వచ్చినా చాట ఒడిలోనే ఉంటుంది. పొగాకు పొడితో పనిచేసేవారి శరీరంలోకి చర్మం ద్వారా, శ్వాస ద్వారా నికోటిన్ చేరుతుంది. ఇది అలవాటు కాదు, జీవనోపాధి.

ఇప్పుడున్న చట్టాలు ఏం చెబుతున్నాయి

పొగాకు మీద దేశంలో ప్రధాన చట్టం 2003 నాటి సిగరెట్లు, ఇతర పొగాకు ఉత్పత్తుల చట్టం. వాడుకలో కోట్పా అంటారు. దాని నాలుగో సెక్షన్ బహిరంగ ప్రదేశాల్లో పొగతాగడాన్ని నిషేధిస్తుంది. ఆ చట్టం విధించిన జరిమానా 200 రూపాయల దాకా. ఆరో సెక్షన్ 18 ఏళ్లలోపు వారికి పొగాకు అమ్మకూడదంటుంది. విద్యాసంస్థలకు వంద గజాల లోపల అమ్మకూడదనీ అంటుంది. ఈ చట్టానికి ముందే 1999లో కేరళ హైకోర్టు, 2001లో సుప్రీంకోర్టు బహిరంగ ధూమపానాన్ని తప్పుపట్టాయి. పొగతాగని మనిషికి ఇతరుల పొగ నుంచి రక్షణ ఉండాలనీ, అది రాజ్యాంగం 21వ అధికరణలోని జీవించే హక్కులో భాగమనీ అవి భావించాయి. గర్భిణులు పొగతాగడం గురించి కోట్పాలో ఒక్క మాట కూడా లేదు.

గర్భస్థ శిశువును చట్టం ఎలా చూస్తుందన్నది ఇంకొంచెం చిక్కైన విషయం. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 88 నుంచి 92 వరకు సెక్షన్లు గర్భస్రావం కలిగించడం, బిడ్డ ప్రాణంతో పుట్టకుండా చేయడం వంటి నేరాల గురించినవి. తనంతట తాను గర్భస్రావం చేసుకున్న స్త్రీ కూడా 88వ సెక్షన్ పరిధిలోకి వస్తుంది. గర్భాన్ని తొలగించే వైద్యానికి 1971 చట్టం, 2021లో దానికి చేసిన సవరణ మార్గం చూపుతున్నాయి. ఆస్తి విషయంలో హిందూ వారసత్వ చట్టం కడుపులో ఉన్న బిడ్డకూ వాటా ఇస్తుంది, బిడ్డ ప్రాణంతో పుడితే. అంటే చట్టం గర్భస్థ శిశువును పూర్తిగా విస్మరించలేదు, అలాగని పుట్టిన మనిషితో సమానంగానూ నిలబెట్టలేదు.

2009లో సుచిత శ్రీవాస్తవ కేసులో సుప్రీంకోర్టు చెప్పిన మాటల్లో ఈ రెండు వైపులూ కనిపిస్తాయి. సంతానం విషయంలో నిర్ణయం తీసుకునే హక్కు స్త్రీ వ్యక్తిగత స్వేచ్ఛలో భాగమంటూనే, పుట్టబోయే బిడ్డ ప్రాణాన్ని కాపాడటంలో ప్రభుత్వానికి బలమైన ఆసక్తి ఉంటుందనీ కోర్టు అంది. నేరం చేయాలనేవారూ వద్దనేవారూ ఆ ఒక్క తీర్పులోంచే చెరో వాక్యం ఎత్తి చూపగలరు.

లింగ నిర్ధారణ పరీక్షలను నిషేధించిన 1994 చట్టంలోని 24వ సెక్షన్‌ను కూడా ఇక్కడ చూడాలి. గర్భిణి అలాంటి పరీక్ష చేయించుకుంటే, భర్తో బంధువులో బలవంతపెట్టారని కోర్టు ముందుగా భావించాలని ఆ సెక్షన్ చెబుతుంది. కాదని రుజువైతే తప్ప. గర్భిణి చుట్టూ జరిగే తప్పులో ఆమె చుట్టూ ఉన్నవారి పాత్రను మన శాసనకర్తలు ఒకసారి గుర్తించారనడానికి ఇది సాక్ష్యం.

నేరం చేయాలనేవారి బలమైన వాదన

ఈ వాదనను తేలిగ్గా కొట్టిపారేయడం సరికాదు. దాని బలహీనమైన రూపం గర్భస్థ శిశువు పూర్తి మనిషి అన్న విశ్వాసం మీద నిలబడుతుంది. అది గర్భస్రావ హక్కుల చర్చలోకి వెళ్లి అక్కడే చిక్కుకుపోతుంది. బలమైన రూపానికి ఆ విశ్వాసంతో పనిలేదు. గర్భాన్ని కొనసాగించాలని ఆమె నిర్ణయించుకుంది కాబట్టి రేపు ఒక బిడ్డ పుడతాడు. ఆ బిడ్డ నిస్సందేహంగా మనిషే. ఈ రోజు పీల్చిన పొగ వల్ల రేపటి ఆ మనిషి ఊపిరితిత్తులు దెబ్బతింటే, హాని జరిగింది పుట్టిన మనిషికే. ఎవరి ఒంటితో వారు ఏమైనా చేసుకోవచ్చన్న సూత్రం ఇతరులకు హాని కలగనంత వరకే వర్తిస్తుంది. ఇక్కడ ఆ ఇతరులు తప్పుకునే వీలు కూడా లేని స్థితిలో ఉన్నారు.

బ్రిటన్‌లో 1976లో వచ్చిన ఒక చట్టం ఈ ఆలోచనకు కొంత ఊతమిస్తుంది. కడుపులో ఉండగా ఇతరుల నిర్లక్ష్యం వల్ల వైకల్యంతో పుట్టిన బిడ్డ నష్టపరిహారం కోరవచ్చని ఆ చట్టం చెప్పింది. అంటే పుట్టకముందు జరిగిన హానికి పుట్టిన తర్వాత న్యాయం అడగవచ్చన్నమాట. కానీ ఆ దావా తల్లి మీద వేయడానికి వీల్లేదని అదే చట్టం మినహాయించింది. ఒక్క సందర్భంలో తప్ప: తల్లి నిర్లక్ష్యంగా వాహనం నడిపినప్పుడు. అప్పుడు పరిహారం చెల్లించేది బీమా సంస్థ కాబట్టి తల్లీబిడ్డలు ఎదురెదురుగా నిలబడాల్సిన అవసరం రాదు.

శిక్ష పడకపోయినా చట్టం ఉందన్న మాటకే విలువ ఉంటుందని కూడా వీరు అంటారు. బస్సుల్లో, సినిమా హాళ్లలో పొగతాగడం ఒకప్పుడు మామూలు విషయం. 200 రూపాయల జరిమానా ఎంతమంది కట్టారో గానీ అలవాటు మాత్రం మారింది. పొగాకు వల్ల తల్లికి గానీ బిడ్డకు గానీ ఏ ప్రయోజనమూ లేదు కాబట్టి తిండి, పని, ప్రయాణం లాంటి వాటిలా దీని విషయంలో తర్జనభర్జన అవసరం లేదన్నది వారి మరో మాట. ఇవాళ పొగ అంటే రేపు ఉప్పు, ఎల్లుండి నిద్ర దాకా పోతారన్న భయానికి వారిచ్చే జవాబు ఇదే. అందులో పస ఉంది.

ఒక సెక్షన్ రాసి చూస్తే

వాదన బాగానే ఉంది. దాన్ని చట్టంగా మార్చి అమలు చేస్తే ఎలా ఉంటుందో చూద్దాం. కోట్పాలో ఒక కొత్త సెక్షన్ చేర్చారని ఊహించుకుందాం: 'గర్భవతి అయిన స్త్రీ ఏ రూపంలోనైనా పొగాకు వాడితే వెయ్యి రూపాయల దాకా జరిమానా.' రుజువుగా రక్తంలో కొటినిన్ పరీక్ష చేస్తారు. నికోటిన్ శరీరంలో విరిగినప్పుడు ఏర్పడే పదార్థం అది.

మొదటి స్త్రీకి ఆరో వారం నడుస్తోంది. గర్భమని ఆమెకే తెలియదు. తెలియక చేసినదానికి శిక్ష ఉండకూడదనుకుంటే సెక్షన్‌లో 'తెలిసీ' అన్న మాట చేర్చాలి. చేర్చగానే ఆమెకు ఎప్పుడు తెలిసిందన్నది పోలీసులు రుజువు చేయాలి. దానికి సాక్షి ఎవరు? పరీక్ష చేసిన నర్సు, ఇంటికి వచ్చిన ఆశా కార్యకర్త, అత్తగారు.

రెండో స్త్రీ జగిత్యాల దగ్గర బీడీలు చుడుతుంది. ఎప్పుడూ కాల్చలేదు. పని వల్లే ఆమె రక్తంలో కొటినిన్ కనిపించవచ్చు. మూడో స్త్రీ ఒంటిగది ఇంట్లో ఉంటుంది, భర్త రోజుకు రెండు కట్టల బీడీలు కాలుస్తాడు. ఇతరుల పొగ పీల్చినవారిలోనూ కొటినిన్ ఉంటుంది, తక్కువ మోతాదులో. గీత ఎక్కడ గీసినా, గీత దాటకుండా రోజుకు ఒకటి కాల్చే స్త్రీ తప్పించుకుంటుంది, గీత దగ్గరికి వచ్చిన అమాయకురాలు ఇరుక్కుంటుంది.

నాలుగో స్త్రీ మానేయాలని వైద్యుల సలహాతో నికోటిన్ చూయింగ్ గమ్ వాడుతోంది. పరీక్షలో ఆమె కూడా దోషిలాగే కనిపిస్తుంది.

ఐదో స్త్రీ నిజంగానే తాగుతుంది. రోజుకు పది నుంచి రెండుకు తగ్గించింది. గర్భంలో శరీరం నికోటిన్‌ను మామూలు కంటే వేగంగా ఖర్చు చేసేస్తుంది, అందువల్ల తపన ఇంకా పెరగవచ్చు. అలాంటి సమయంలో ఎనిమిది తగ్గించడం చిన్న విషయం కాదు. సెక్షన్ దృష్టిలో మాత్రం ఆమెకూ, పదీ కాల్చేవారికీ తేడా లేదు.

వాడకాన్ని కాక, హాని జరిగితేనే శిక్షించేలా రాస్తే? అప్పుడు ఈ బిడ్డ ఈ పొగ వల్లే బరువు తగ్గాడని రుజువు చేయాలి. వైద్యం లక్ష మంది తల్లులను పోల్చి సగటు చెప్పగలదు. ఒక్క బిడ్డ విషయంలో ఆ మాట ఖాయంగా చెప్పలేదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలోని గర్భిణుల్లో 52.2 శాతం మందికి రక్తహీనత ఉంది. కాన్పుల మధ్య ఎడం లేకపోవడం, చాలని తిండి, కట్టెల పొయ్యి పొగ, ఇవన్నీ బిడ్డ బరువును తగ్గించేవే. వీటన్నిటి మధ్యలోంచి ఒక సిగరెట్టును వేరుచేసి దోషిగా చూపించడం ఏ న్యాయవాదికైనా కష్టమే. పైగా రక్తహీనతకు ప్రభుత్వం మీద కేసు ఉండదు, పొగకు ఆమె మీద ఉంటుంది.

కోర్టుల దాకా వెళ్లిన దేశాల అనుభవం

అమెరికాలో సిగరెట్టు తాగినందుకు గర్భిణిని శిక్షించే చట్టం లేదు. మాదకద్రవ్యాల విషయంలో మాత్రం కేసులు నడిచాయి. దక్షిణ కరొలినాలో కొకైన్ వాడిన కార్నీలియా విట్నర్‌కు ఎనిమిదేళ్ల శిక్ష పడింది. బయట బతకగల దశకు చేరిన గర్భస్థ శిశువు కూడా చట్టం దృష్టిలో బిడ్డేనని 1997లో ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. భిన్నాభిప్రాయం రాసిన న్యాయమూర్తి ఒకరు, ఈ తర్కం పొగా మద్యమూ మానకపోవడం దాకా, విటమిన్లు వేసుకోకపోవడం దాకా పోదా అని ప్రశ్నించారు. అదే రాష్ట్రంలోని చార్ల్‌స్టన్‌లో ఒక ప్రభుత్వ ఆసుపత్రి గర్భిణుల అనుమతి లేకుండా మూత్రపరీక్షలు చేసి ఫలితాలను పోలీసులకు ఇచ్చేది. 2001లో అమెరికా సుప్రీంకోర్టు అది రాజ్యాంగ విరుద్ధమని తేల్చింది. టెనెసీ రాష్ట్రం 2014లో మత్తుమందులు వాడిన తల్లులను శిక్షించే చట్టం తెచ్చింది. కేసు భయంతో స్త్రీలు వైద్యానికి దూరమవుతున్నారన్న విమర్శలు వచ్చాయి. ఆ చట్టానికి రెండేళ్ల గడువు పెట్టుకున్నారు. 2016లో గడువు తీరాక పొడిగించలేదు.

కెనడాలో 1997లో సుప్రీంకోర్టు ముందుకు వచ్చిన కేసు ఇంకా బాధాకరమైనది. జిగురు, ద్రావకాల వాసన పీల్చే వ్యసనం ఉన్న గర్భిణిని బలవంతంగా చికిత్సకు పంపవచ్చా అన్నది ప్రశ్న. కోర్టులకు ఆ అధికారం లేదని మెజారిటీ న్యాయమూర్తులు తీర్పు ఇచ్చారు. బ్రిటన్‌లో 2014లో, గర్భంతో ఉండగా విపరీతంగా మద్యం తాగిన తల్లికి వైకల్యంతో పుట్టిన ఒక పాప తరఫున నేరబాధితుల పరిహారం అడిగారు. గర్భస్థ శిశువు నేర చట్టం ఉద్దేశించిన 'మరో వ్యక్తి' కాదు కాబట్టి ఇక్కడ నేరమే లేదని అప్పీలు కోర్టు చెప్పింది.

దీనికి భిన్నమైన దారి నార్వేది. తీవ్రమైన మత్తు వ్యసనం ఉన్న గర్భిణిని ఆమె ఇష్టానికి విరుద్ధంగానైనా చికిత్సా కేంద్రంలో ఉంచే అధికారాన్ని 1996 నుంచి అక్కడి చట్టం ఇస్తోంది. అది శిక్ష కాదు, జైలు కాదు. ఖర్చు, సంరక్షణ ప్రభుత్వానివే. అయినా పొగాకును దాని పరిధిలోకి తేలేదు. స్త్రీ స్వేచ్ఛను ఇంతగా అదుపు చేయడానికి సిద్ధపడిన దేశం కూడా సిగరెట్టు దగ్గర ఆగిందంటే ఆలోచించాల్సిందే.

ఆసుపత్రి తలుపు దగ్గర

నాకు అన్నిటికంటే బరువైనదిగా కనిపించే అంశం ఇది. అదే 2019-21 సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లోనూ తెలంగాణలోనూ దాదాపు 97 శాతం కాన్పులు ఆసుపత్రుల్లో జరుగుతున్నాయి. ఇది తేలిగ్గా వచ్చిన ఫలితం కాదు. ఏఎన్ఎంలు, ఆశా కార్యకర్తలు, అంగన్‌వాడీ టీచర్లు ఏళ్ల తరబడి ఇంటింటికీ తిరిగి, గర్భిణుల పేర్లు రాసుకుని, నమ్మకం సంపాదించి సాధించినది. పొగాకు వాడకం నేరమైతే ఆ కార్యకర్త చేతిలోని రిజిస్టరు సాక్ష్యంగా మారుతుంది. ఏమైనా అలవాట్లు ఉన్నాయా అమ్మా అని ఆమె అడిగే ప్రశ్నకు నిజం చెప్పే గర్భిణి ఉండదు. 15 వారాల లోపు మానేస్తే నష్టం దాదాపు తప్పుతుందని పైన చెప్పుకున్నాం. ఆ 15 వారాల్లో నిజం బయటపడే అవకాశాన్నే శిక్ష మూసేస్తుంది. గర్భిణులను నేరస్థులుగా చూడటాన్ని అమెరికాలోని ప్రసూతి వైద్యుల సంఘం వ్యతిరేకించడానికి ముఖ్య కారణం కూడా ఇదే.

దీనికి ఎదురు వాదన లేకపోలేదు. జరిమానా మాత్రమే అయితే, అది కూడా వైద్య సిబ్బందికి ఫిర్యాదు బాధ్యత లేకుండా రాస్తే, ఆసుపత్రి భయం ఉండదు కదా అంటారు. అప్పుడు ఆ చట్టాన్ని అమలు చేసేది ఎవరు? వీధిలో చూసినవారు. వీధిలో కనిపించేది సిగరెట్టే, బుగ్గలోని ఖైనీ కాదు. కడుపు కనిపించేది నెలలు ముదిరాకే, మానితే ఎక్కువ మేలు జరిగే మొదటి నెలల్లో కాదు.

తల్లిని ముట్టుకోకుండా పనిచేసిన చట్టాలు

బహిరంగ ప్రదేశాల్లో, పని ప్రదేశాల్లో పొగను నిషేధించిన ప్రాంతాల గణాంకాలను కలిపి చూసిన ఒక విశ్లేషణ 2014లో లాన్సెట్ పత్రికలో వచ్చింది. ఆ చట్టాల తర్వాత నెలలు నిండని కాన్పులు దాదాపు 10 శాతం తగ్గాయని అందులో తేలింది. ఆ చట్టాల్లో గర్భిణి అన్న మాటే ఉండనక్కర్లేదు. శిక్ష పడేది అక్కడ పొగ వదిలినవారికి, మేలు జరిగింది పక్కన పీల్చిన తల్లులకూ పిల్లలకూ.

మరో దారి ప్రోత్సాహకాలు. స్కాట్లాండ్‌లోని గ్లాస్గోలో పొగ మానిన గర్భిణులకు 400 పౌండ్ల దాకా షాపింగ్ వోచర్లు ఇచ్చి చూశారు. 2015లో వెలువడిన ఫలితాల ప్రకారం వోచర్లు అందుకునే అవకాశం ఉన్నవారిలో 22.5 శాతం మంది మానేశారు, మామూలు సహాయం మాత్రమే అందినవారిలో 8.6 శాతం. తాగినందుకు డబ్బులా అని చాలామందికి మింగుడుపడదు. ఆ అభ్యంతరం అర్థం చేసుకోదగినదే. ఇంగ్లండ్‌లో కాన్పు నాటికి పొగతాగుతున్న స్త్రీలు 2010 ప్రాంతంలో 14 శాతం దగ్గర ఉండేవారు, 2023-24 నాటికి 7.4 శాతానికి తగ్గారు. ఆ కాలమంతటా ఏ గర్భిణినీ కోర్టుకు లాగలేదు. ప్రతి గర్భిణికీ ఊపిరిలో కార్బన్ మోనాక్సైడ్ పరీక్ష, మానడానికి సలహాదారుల సహాయం అక్కడి విధానంలో భాగమయ్యాయి.

తెలుగువారికి ఇందులో సొంత అనుభవం కూడా ఉంది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట నుంచి పాకిన సారా వ్యతిరేక ఉద్యమంలో స్త్రీలు తాగినవాళ్లందరినీ జైల్లో పెట్టమనలేదు, దుకాణాలు మూయమన్నారు. 1993 అక్టోబరులో సారా నిషేధం వచ్చింది. 1995లో వచ్చిన సంపూర్ణ మద్యనిషేధాన్ని రెండేళ్లకే ఎత్తేశారన్నది నిజమే. నిషేధాలన్నీ నిలబడవు. కానీ వస్తువు వాడే మనిషి మీద గురిపెట్టాలా, దాన్ని అమ్మేవారి మీదా అన్న ప్రశ్న మనకు కొత్తది కాదు.

ఇంటి గడప దగ్గర మిగిలిన ప్రశ్న

శిక్ష తల్లి మీద పడకూడదని ఒప్పుకున్నా చర్చ అయిపోదు. ఇంకా గట్టి ప్రశ్న అక్కడే మొదలవుతుంది. కోట్పా నాలుగో సెక్షన్ బహిరంగ ప్రదేశానికే పరిమితం. హోటల్లో గర్భిణి పక్కన సిగరెట్టు వెలిగించినవాడికి జరిమానా ఉంది. అదే మనిషి ఇంటికి వెళ్లి, కిటికీ మూసిన గదిలో, ఏడో నెల గర్భిణి అయిన భార్య పక్కన కట్ట బీడీలు కాల్చినా చట్టానికి సంబంధం లేదు. బిడ్డకు హాని అన్న కారణంతో తల్లిని శిక్షించమనేవారు ఆ కారణంతోనే ఈ తండ్రి గురించి కూడా మాట్లాడాలి. స్త్రీ ఒంటి మీద చట్టం పెత్తనం వద్దనేవారు, ఇల్లు అనే సొంత స్థలంలోకి చట్టం రావచ్చా అన్నదానికి కూడా జవాబు చెప్పాలి.

సొంత స్థలంలోకి అడుగుపెట్టిన చట్టాలు లేకపోలేదు. ఇంగ్లండ్, వేల్స్‌లలో 2015 అక్టోబరు 1 నుంచి, 18 ఏళ్లలోపు పిల్లలు ఉన్న సొంత కారులో కూడా పొగతాగడం నేరం. కారు ఎవరిదైనా, తాగేది తండ్రయినా సరే. అయితే ఆ చట్టం లెక్కపెట్టేది పుట్టిన పిల్లలనే. ముందు సీట్లో నిండు గర్భిణి ఒక్కతే కూర్చుని ఉంటే, ఆమెకు 18 ఏళ్లు దాటి ఉంటే, పక్కన డ్రైవరు పొగ వదలడం ఆ చట్టం కింద నేరం కాదు.